నడుమల ఎక్కడనో ఆగి ఉంటది

ఈ నాలుగు పేజీలు చదవబోతున్న పెద్దలందరికీ ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. సంతాప వ్యాసానికి ఉండవలసిన లక్షణాలేవీ దీనికి లేవు. ఇందులో ధ్రువతార రాలదు. తీరని లోటు ఏర్పడదు. తెలుగు సినిమా సంగీతం అనాథ అయిపోదు. గాంభీర్యం దానంతట అదే వస్తుందేమోనని తెల్లచొక్కా వేసుకుని మరీ రాయడానికి కూర్చున్నాను. చొక్కా మీద ఆవకాయ పడింది కానీ గాంభీర్యం రాలేదు. ఇలాంటివాడి చేతికి ఈ పని అప్పగించినందుకు సభావారిని కూడా క్షమించాలి.

అప్పగించింది మా మ్యూజిక్ డైరెక్టర్ గారు. "సంతాప సభలో చిన్న పుస్తకం పంచుతున్నామురా. ఆయన పక్కన నాలుగేళ్లు కూర్చున్నది నువ్వే కదా, నువ్వు రాస్తేనే బాగుంటుంది. జోకులు మాత్రం తగ్గించు" అన్నారు. తగ్గించాను. ఇక్కడున్నవి తగ్గించగా మిగిలినవి.

సార్ పోయిన కబురు నాకు సార్ ఫోన్ నుంచే వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఎర్రలైటు పడితే బండి ఆపి, జేబులోంచి ఫోన్ తీశాను. పైన సార్ పేరు, కింద "సార్ పొద్దుగాల పోయిండ్రు. నిద్రలనే. ఇంటికి రా బిడ్డా." టైపు చేసింది అమ్మ, అంటే సార్ భార్య. నేను చదివి, బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాను. నాలుగేళ్లుగా ఆ నంబరు నుంచి "ఇయ్యాల లేట్ అయితది" అని వచ్చినా, "వచ్చేటప్పుడు పెరుగు తే" అని వచ్చినా నేను పెట్టే జవాబు అదే. వేలు తన పని తాను చేసుకుపోయింది. పచ్చలైటు పడింది. వెనకున్న కారు హారన్ కొట్టింది. సార్ ఇల్లున్న ఎర్రగడ్డ వైపు తిరగాల్సినవాణ్ని నేను, ఎప్పట్లాగే ఫిల్మ్ నగర్ వెళ్లి, స్టూడియో తెరిచి, కంప్యూటర్ ఆన్ చేసి, అది లోడయ్యేదాకా కూర్చున్నాను. లోడయ్యాక, ఇప్పుడేం చెయ్యాలో గుర్తొచ్చి, కట్టేసి బయల్దేరాను. దారిలో ఆ బొమ్మ తీసేద్దామని చూస్తే పక్కన రెండు నీలం టిక్కులు పడి ఉన్నాయి.

సార్ ఎవరో ఈ పుస్తకం అందుకున్న సగం మందికి తెలియకపోవచ్చు. తెర మీద పేరు పడేది, కానీ జనం లేచి చెప్పులు వెతుక్కునే సమయంలో పడేది. సినిమాలో దెయ్యం రాకముందు గదిలో ఏదో ఉందనిపించే శబ్దం, హీరో తల్లి ఫొటో చూసినప్పుడు పాట కానిదేదో వెనక మోగడం, ఇలాంటివి తయారుచేసేవారు. పాతరోజుల్లో శ్రీనగర్ కాలనీలో ఒక స్టూడియోలో చేరారట. అక్కడ గోడంత పెట్టె, దానికి వందల కన్నాలు. ఏ వాయిద్యం ఏ యంత్రంలోంచి పోవాలో, ఆ కన్నం నుంచి ఈ కన్నానికి వైరు గుచ్చడం సార్ పని. తర్వాత గోడ పోయింది, పెట్టె పోయింది, అన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి. సార్ వైర్లు మాత్రం వదల్లేదు. మాడ్యులర్ సింథసైజర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తెరిస్తే ఖాళీ తెర. దాని మీద మనమే పెట్టెలు పెట్టుకోవాలి, మనమే పెట్టెకీ పెట్టెకీ వైర్లు కలపాలి. కలపకపోతే నిశ్శబ్దం. తెర మీది ఆ బొమ్మ వైర్లు కూడా నిజం వైర్లలాగే మధ్యలో కొంచెం వేలాడతాయి. సార్‌కి ఆ వేలాడటం నచ్చేది.

నేను ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి, ఫ్రీక్వెన్సీ గురించి పద్నాలుగు మార్కుల ప్రశ్నకి జవాబు రాసి వచ్చినవాణ్ని. మొదటిరోజు సార్ నన్ను తలనుంచి పాదాల దాకా చూసి, "ఇంజనీర్ సాబ్, గీ కుర్సీల కూసో" అన్నారు. ఆ సాబ్ చివరిదాకా పోలేదు.

సార్ తెరలో పెట్టెల ఇంగ్లీషు పేర్లు ఉండేవి కావు. ప్రతి పెట్టె కింద పసుపు చీటీ అంటించుకునే వీలు ఆ సాఫ్ట్‌వేర్లో ఉంది. సార్ అందులో తన పేర్లు టైపు చేసేవారు. శబ్దానికి లోతు తెచ్చే రివర్బ్ పెట్టె బావి. ఒక్క మాటని నాలుగుసార్లు వెనక్కి పంపే డిలే పెట్టె గల్లీ. నాలుగు వైర్లు వచ్చి కలిసేది చౌరస్తా. పై శబ్దాలని ఆపి కిందివాటిని వదిలే ఫిల్టర్ జల్లెడ. కాలేజీలో నాలుగేళ్లు చదివింది నాకు అర్థమైంది ఆ చీటీలు చదివాకే. ఈ మాట మా కాలేజీవాళ్లకి చెప్పకండి, వాళ్లు మంచివాళ్లు.

చేరిన నెలకి నేనొక పాచ్ కట్టాను. పాచ్ అంటే పెట్టెలూ వైర్లూ అన్నీ కలిపిన మొత్తం. వీణ తీగ మీద ఒక్క మీటు, అది గల్లీలోంచి బావిలోకి పోయి రావాలి. నొక్కితే చప్పుడు లేదు. అరగంట కుస్తీ పట్టి, "సార్, సౌండ్ పోయింది" అన్నాను.

"యాడికి పోయింది?"

"తెలీదు సార్. రావట్లేదు."

"సౌండ్ యాడికీ పోదు ఇంజనీర్ సాబ్. దానికేమన్న రెక్కలున్నయా. నడుమల ఎక్కడనో ఆగి ఉంటది. ఎనకకు నడువు."

తెర మీద వేలు పెట్టి స్పీకర్ దగ్గర మొదలుపెట్టారు. స్పీకర్‌కి ఎక్కడినుంచి వస్తుంది, చౌరస్తా నుంచి. చౌరస్తాకి బావి నుంచి. బావికి గల్లీ నుంచి. గల్లీ ముందు ఆగారు. వీణ వైరు గల్లీలోకి పోలేదు, పక్కనున్న పెట్టెకి తగిలించి కూర్చున్నాను. సార్ వేలిముద్ర తెర మీద స్పీకర్ నుంచి వీణ దాకా ఒక చారలా మిగిలింది. ఆయన మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్న చేత్తోనే చూపించేవారు కనక మా తెర మీద ఎప్పుడూ ఏదో ఒక దారి కనిపిస్తూనే ఉండేది. నేను రోజూ తుడిచేవాణ్ని.

సార్ రోజూ ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, చెక్‌పోస్టులో దిగి, షేర్ ఆటోలో వచ్చేవారు. నేను బండి మీద దింపుతానంటే, "వద్దు. ఎర్రగడ్డల ఇన్‌పుట్, అమీర్‌పేటల చౌరస్తా, ఫిల్మ్ నగర్‌ల ఔట్‌పుట్. నా రూటింగ్ మంచిగుంది, గెలకకు" అనేవారు. మా స్టూడియో ఒక ఇంటి సెల్లార్లో ఉంటుంది, పైన జిమ్. ఎవరో బరువు కింద పడేసినప్పుడల్లా సీలింగ్ దడ్‌మనేది. అది ఒక్కోసారి సరిగ్గా తాళానికే పడేది. సార్ తల పైకెత్తి, "ఆ తమ్మునికి కూడ టైటిల్స్‌ల పేరెయ్యాలె" అనేవారు.

సార్ సౌండులో గొప్పదనమంతా ఒక్క వైరులో ఉండేది. బావిలోంచి బయటికొచ్చిన శబ్దాన్ని అందరూ స్పీకర్‌కి పంపిస్తారు. సార్ దాన్లో కొంచెం తీసి, మళ్లీ గల్లీ మొదట్లోకి పంపేవారు. అది మళ్లీ తిరిగి బావిలో పడి, ఇంకొంచెం పెరిగి, మళ్లీ గల్లీకి. ఒక్క వీణ మీటు అలా తిరిగి తిరిగి, మీటిన సంగతి మర్చిపోయి, ఇంకేదో అయిపోయేది. "వచ్చినదాన్ని జర ఎనకకు పంపు, అప్పుడు పెద్దదైతది" అనేవారు. ఎంత పంపాలన్నది చెవి చెప్పాలి. కొంచెం ఎక్కువైతే పైన సన్నగా ఒక కూత పుడుతుంది. దాన్ని ఆపకపోతే అది తనని తానే తిని బలిసి, సూదిలా అవుతుంది.

నేను చేరిన మూడో ఏడు ఒకరోజు తలుపు తీసేసరికి ఆ సూది నా చెవిలో దిగింది. రెండు స్పీకర్లలోనూ మోగుతోంది. సార్ కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి, వేళ్లతో తాళం వేస్తున్నారు. ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఎట్లుంది?" అన్నారు.

కింద వీణ అద్భుతంగా ఉంది. పైన కూత ఉంది. సార్‌కి పైది వినిపించడం లేదు.

"బాగుంది సార్" అన్నాను.

మా పనిలో కళ్లజోడు పెట్టుకుంటే అనుభవం అంటారు. చెవికి మిషన్ పెట్టుకుంటే ఇంట్లో కూర్చోమంటారు. వయసు మీద పడితే పైశబ్దాలు ముందు పోతాయని ఏ డాక్టరైనా చెబుతాడు, అందులో సిగ్గుపడే పనేం లేదు. కానీ సార్ కుర్చీ ఆ చెవి మీదే నిలబడింది. మ్యూజిక్ డైరెక్టర్ గారికి తెలిస్తే ఆ వారంలోనే ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. అందుకని సార్ చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఒక చిన్న జల్లెడ పెట్టె తీసి, బావికీ గల్లీకీ మధ్య ఆ వెనక్కి వెళ్లే వైరులో ఇరికించాను. కూత ఆగిపోయింది. పెట్టె కనబడకుండా బావి బొమ్మని దాని మీదికి జరిపాను. చీటీ అంటించలేదు. సార్ వచ్చి మళ్లీ విన్నారు. తేడా ఆయనకి తెలియదు కనక తేడా లేదు.

అప్పటినుంచి ఎనిమిది నెలలు ప్రతి కొత్త పాచ్‌లోనూ నేను అదే చేశాను. పేరు లేని జల్లెడ, దాని మీద బావి. ఆ ఎనిమిది నెలల్లోనే సార్‌కి ఒక కొత్త అలవాటు వచ్చింది. "ఎట్లుంది?" అని అడిగేటప్పుడు స్పీకర్ల వైపు చూసేవారు కాదు, నా ముఖం వైపు చూసేవారు. పెద్దవాళ్లకి చాదస్తం ఉంటుంది కదా అనుకున్నాను.

తర్వాత జరిగింది ఈ సభకి వచ్చినవాళ్లలో కొందరికి తెలుసు. ఒక పెద్ద సినిమా క్లైమాక్స్ వినడానికి మధ్యాహ్నం భోజనాలయ్యాక దర్శకుడు వచ్చారు. మ్యూజిక్ డైరెక్టర్ గారు సార్‌ని పరిచయం చేస్తూ, "ఈయన చెవి మీదే సార్ మనం బతికేది. అప్పటికీ ఇప్పటికీ అదే చెవి" అన్నారు.

సార్ నవ్వారు. "చెవి యాడికి పోతది సార్. పాతికేండ్లప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉంది. గీ ఇంజనీర్ సాబే నడుమ నడుమ నా వైర్లు గెలుకుతడు. మళ్ల నేను సర్దుకుంట."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మ్యూజిక్ డైరెక్టర్ గారు నా వీపు మీద తట్టి, "వీడి గెలుకుడు మాకూ తెలుసు సార్" అన్నారు. మళ్లీ నవ్వారు. అందరూ టీ తాగారు. నేను వెళ్లి పాచ్ సిద్ధం చేశాను.

నొక్కగానే మొదట వీణ వచ్చింది. మూడోసారి తిరిగేసరికి కూత పుట్టింది. అయిదోసారికి దర్శకుడు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. మ్యూజిక్ డైరెక్టర్ గారు సార్ వైపు తిరిగారు. సార్ కళ్లు మూసుకుని, వెనక్కి వాలి, వేళ్లతో తాళం వేస్తున్నారు. ముఖం ప్రశాంతంగా ఉంది. అందరం ఆ వేళ్లనే చూశాం. నేను ఆపేదాకా ఎంతసేపు పట్టిందో చెప్పలేను. శబ్దాన్ని మిల్లీసెకన్లలో కొలవడం నా వృత్తి, అదొక్కటీ కొలవలేదు.

శబ్దం ఆగాక సార్ కళ్లు తెరిచారు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ చివరికి నా ముఖం దగ్గర ఆగారు. "ఎట్లుంది?" అని అడగలేదు.

"సాఫ్ట్‌వేర్ సార్, ఒక్కోసారి ఇంతే చేస్తుంది" అన్నాను అందరితో.

ఆ వారం మ్యూజిక్ డైరెక్టర్ గారు సార్ పక్కన కూర్చుని చాలా మర్యాదగా మాట్లాడారు. "మీరు కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి సార్. ఎప్పుడు కావాలంటే అప్పుడు రండి, మీ స్టూడియోనే కదండీ." సార్ సరే అన్నారు. కుర్చీ వీపుకి వేసుకునే తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకున్నారు. నన్ను చూసి, "ఇంజనీర్ సాబ్, ఆ కుర్సీ జర ఎడమకి ఒరుగుతది, చూస్కో" అన్నారు. నిజంగానే ఒరుగుతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఒరుగుతోంది.

రెండు నెలలకి ఎర్రగడ్డ వెళ్లాను. గల్లీ మొదట్లోకే వాళ్ల టీవీ వినిపించింది. అమ్మ తలుపు తీసి, "రా బిడ్డా. ఈయన పుణ్యాన గల్లీ మొత్తం ముఫత్ సీరియల్ ఇంటున్నది" అంది. సార్ రిమోట్ తీసుకుని సౌండు తగ్గించారు. రొట్టె తినమన్నారు. తిన్నాను. సినిమా ఎలా వచ్చిందని అడిగారు, చెప్పాను. కాసేపయ్యాక మామూలుగా, "ఆ దినం కూత ఎందుకొచ్చిందో ఎనకకు నడిచి చూసినవా?" అన్నారు.

"చూశాను సార్. ఏమీ దొరకలేదు."

"దొరకలేదంటే మంచిగ నడవలే" అన్నారు, నా కంచంలో ఇంకో రొట్టె వేస్తూ. తర్వాత టీవీ సౌండు పెంచుకున్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను బొటనవేలు బొమ్మలు పెడుతూ వచ్చాను.

సార్‌ని తీసుకువెళ్లేటప్పుడు డప్పులు పెట్టారు. ఎదురుగా కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు గోడకి తగిలి ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపించింది. దెబ్బకీ దాని తిరుగుదెబ్బకీ మధ్య ఎంత దూరముందో నేను లెక్కపెట్టుకుంటూ నడిచాను. దాదాపు రెండువందల మిల్లీసెకన్లు. మంచి గల్లీ. వాళ్లంతా ఏడుస్తున్నారు, నాకు ఏడుపు రావడం లేదు, రావట్లేదేమిటని ఆశ్చర్యం కూడా రాలేదు. తిరిగొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కింటివాళ్లకి చూపించింది. "ఈ పిలగాడే. సారు చెప్పేటోరు, నా చెవులు పోయినయని వీనికి ఎరికే, కానీ ఒక్కని ముందట గూడ నా ఇజ్జత్ పోనియ్యలేదు అని." వాళ్లు నా తల నిమిరారు. మొన్న మ్యూజిక్ డైరెక్టర్ గారు కూడా అదే అన్నారు. "నువ్వు ఆయన్ని ఎంత కాపాడావో తర్వాత అర్థమైందిరా. పాపం ఆ ఒక్కరోజు సాఫ్ట్‌వేర్ దెబ్బకొట్టింది." సభలో కూడా ఈ మాటే చెబుతారట. నన్ను వేదిక మీదికి పిలుస్తారట. అందుకే, పిలవకముందే ఇది అచ్చులో ఉండాలని రాస్తున్నాను.

వెనక్కి నడుస్తాను. స్పీకర్లోకి కూత ఎక్కడినుంచి వచ్చింది, చౌరస్తా నుంచి. చౌరస్తాకి బావి నుంచి. బావికి గల్లీ నుంచి. గల్లీకి, ఆ వెనక్కి తిరిగే వైరు నుంచి. ఆ వైరులో నేను పెట్టిన జల్లెడ ఉంది, తీసేయలేదు. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పెట్టెకీ మూలన, అది పనిచేస్తుంటే వెలిగే పచ్చలైటు పక్కన, బైపాస్ అని చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే పెట్టె ఉంటుంది, వైరూ ఉంటుంది, శబ్దం మాత్రం ఏ మార్పూ లేకుండా దాటిపోతుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఆ మీట నొక్కదు. ఆ మధ్యాహ్నం అందరూ రెండోసారి నవ్వాక, వాళ్లు టీ తాగుతుండగా, నేను వెళ్లి నొక్కాను.

నొక్కడానికి ముందు బావి బొమ్మని పక్కకి జరపాలి. జరిపాను. ఎనిమిది నెలలుగా నేను పేరు పెట్టకుండా దాచిన పెట్టె కింద ఒక పసుపు చీటీ ఉంది. సార్ టైపు చేసింది.

"ఇంజనీర్ సాబ్ చెవి."

రెండుసార్లు చదివాను. మూలన పచ్చలైటు వెలుగుతోంది. చదివాకే నొక్కాను. లైటు ఆరిపోయింది, చీటీ అలాగే ఉంది.